అవ్వ నామాలు, మామ గడియారం

నా చిన్నప్పుడు మా ఇంట్లో పలకలకు కొదువ ఉండేది కాదు. మార్కాపురంలో మా నాయనకు చిన్న పలకల కార్ఖానా ఉండేది. గని నుంచి వచ్చిన రాతి పొరలను కోసి, నునుపు చేసి, చుట్టూ కొయ్య చట్రం బిగించి ఊళ్లకు పంపేవాళ్లు. బడికి పోయే పిల్లలకు ఒక్క పలక పగిలితే ఇంట్లో వీపు విమానం మోత మోగేది. నాకు మాత్రం అంచు చిట్లినవి, మూల విరిగినవి ఎన్ని కావాలంటే అన్ని. అయితే అన్ని పలకలున్న ఆ ఇంటి నుంచి నేను బడికి పోలేదు. ఆడపిల్లను బజారు దాటించి పంపడం మావాళ్లలో అప్పటికి అలవాటు లేదు. నాకు చదువు చెప్పింది మా అవ్వ, మా నాయనను కన్న తల్లి. ఆ చదువు కూడా ఒకసారి చేయి జారిపోబోయి నిలిచింది. అది నిలిపిన మనిషికి నేను చేయగలిగిన నమస్కారం ఈ నాలుగు మాటలు.

అవ్వకు అక్షరాలు వాళ్ల నాయన దగ్గర వచ్చాయట. ఆమె కూడా బడి ముఖం చూడలేదు. పొద్దున్నే చెన్నకేశవస్వామి పటానికి దీపం పెట్టి, ఇంటి పని ఒక దారికి వచ్చాక, వసారాలో చాప పరిచి నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకునేది. గోడ అవతల కార్ఖానాలో చట్రాలకు మేకులు కొట్టే చప్పుడు వస్తూనే ఉండేది. ఆ చప్పుడులోనే నాకు గుణింతాలు, ఒత్తులు, ఎక్కాలు వచ్చాయి. నేను తొందర మనిషిని. అవ్వ ప్రశ్న సగంలో ఉండగానే జవాబు అరిచేదాన్ని, అందులో సగం తప్పులు. కొట్టడం, గిల్లడం ఆమెకు చేతకాదు. అందుకని ఒక ఉపాయం పెట్టింది.

"ఎవరన్నా ఒకటి అడిగితే టక్కున నోరు తెరవొద్దు తల్లీ. ముందు స్వామి పన్నెండు నామాలు మనసులో అనుకో, ఆనక చెప్పు. అడిగిన మాట నీ లోపల కుదురుకుంటాది, ఆయన్ను తలుచుకున్నట్టూ అవుతాది" అంది.

కేశవ నామంతో మొదలై దామోదర నామం దాకా పన్నెండు. చిటికెన వేలు కింది కణుపు మీద బొటనవేలు ఆనించి, వేలికి మూడు చొప్పున నాలుగు వేళ్లూ ఎక్కితే పన్నెండూ సరిపోతాయి. పెదవులు కదపకూడదు. ఇంకొక షరతు కూడా పెట్టింది. మనసులో అనుకున్నది స్వామికీ నాకూ తప్ప మూడో మనిషికి తెలియకూడదు, చెబితే అది భక్తి కాదు, గొప్ప చెప్పుకోవడం అంది. రెండు మాటలూ నేను గట్టిగా పట్టుకున్నాను. కొన్నాళ్లకు నా తప్పులు తగ్గిపోయాయి. చదువు వాసన ఉన్న ప్రశ్న ఏది చెవిన పడ్డా నా బొటనవేలు దానంతట అదే కణుపులు ఎక్కడం మొదలుపెట్టేది.

అవ్వ గమనించనిది ఒకటుంది. ఆ ఉపాయం ఆమె చాప దిగి నాతోపాటు ఇల్లంతా తిరుగుతోంది. పసుపు కుంకుమలకు వచ్చిన అమ్మలక్కలు ముద్దుగా ఏ ఎక్కమో అడిగేవాళ్లు. నేను గోడకు ఆనుకొని, ఒక చేయి వెనక్కి పెట్టుకొని, నామాలు అనుకుంటూ నిలబడేదాన్ని. త్రివిక్రమ నామం దగ్గరికి వచ్చేసరికే వాళ్లు జాలిగా తల నిమిరి వేరే మాటల్లో పడేవాళ్లు. దామోదర నామం అయ్యాక నేను జవాబు చెప్పినా వినేవాళ్లు ఉండేవాళ్లు కాదు. అట్లా ఊరి వాళ్ల నోళ్లలో నేను మెల్లగా 'పాపం, నెమ్మది పిల్ల' అయ్యాను. ఆ మాట నాకు పొగడ్తలాగే వినిపించేది. తొందర తగ్గించుకోవాలనే కదా అవ్వ చెప్పింది.

నాకు తొమ్మిదో ఏడు వచ్చిన వేసవిలో గిద్దలూరు నుంచి మా అత్త వచ్చింది. నాయనకు అక్క. ఆమెకు వరసగా ముగ్గురు చంటివాళ్లు, ఇంట్లో చేయి సాయానికి ఒక పిల్ల ఉంటే బాగుండునని ఆమె ఆశ. చెడ్డ మనిషి కాదు, నోరు మాత్రం పెద్దది. వచ్చిన రోజే నన్ను పట్టుకొని "ఏమ్మే, ఏడెనిమిదులెంత?" అని అడిగింది. నేను నామాలు మొదలుపెట్టాను. సగంలోనే అత్త చేతులు దులుపుకుంది.

"అమ్మా, దీనికి పుట్టినప్పుడు వస పోసినారా లేదా?"

"పోసినాము వదినా" అంది లోపలి నుంచి మా అమ్మ.

"అయితే చాల్లేదు. సరస్వతి ఆకన్నా తినిపించి ఉండాల్సింది."

అంతటితో ఆగలేదు. నూలుదారం తెచ్చి నా తల చుట్టూ కొలిచింది. తల పెద్దదైతే బుద్ధి ఎక్కువని ఆమె నమ్మకం. నాకంటే ఏడాది పెద్దవాడైన తన పెద్ద కొడుకు తల కూడా ఆ దారంతోనే కొలిచింది. నా దారం ఒక వేలెడు పొడుగు తేలింది. అత్త దాన్ని కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, "తల పెద్దదైతే ఏందిలే, లోపల ఉండొద్దా" అని దారం తెంపి పారేసింది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది గాని, ఆ రోజు నుంచే అత్త నాయన చెవిలో పోరు పెట్టింది.

"చదువు ఎక్కని పిల్లను పలక ముందర కూర్చోబెట్టి ఎందుకు ఏడిపించేది తమ్ముడా? నా ఎంబడి పంపు. పిల్లోళ్లను ఆడించుకుంటా పనీపాటా నేర్చుకుంటాది. ముసలిదానికీ ఊపిరి ఆడుతుంది."

నాయన ఊగిసలాటలో పడ్డాడు. ఆ సమయానికే కర్నూలు నుంచి మా మామ దిగాడు. అమ్మకు తమ్ముడు, ఇరవై రెండేళ్లుంటాయేమో, అయ్యవారి పని కోసం ట్రైనింగు చదువుతున్నాడు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అప్పటికి మూడు నాలుగేళ్లు. మా ఊళ్లు ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉండేవి. రాజధాని హైదరాబాదుకు పోయాక కర్నూలు సంత లేచిపోయిన మైదానంలాగుందని మామ వచ్చినప్పుడల్లా అనేవాడు. ద్రోణాచలంలో రైలు మారి, స్టేషను నుంచి జట్కాలో వచ్చిన మామ చేతిలో ఈసారి బట్టల సంచితోపాటు ఒక చెక్కపెట్టె కూడా ఉంది. అందులో బొమ్మల అట్టలు, రంగు వేసిన కొయ్యముక్కలు, పైన బొత్తాం ఉన్న గుండ్రటి గడియారం. పిల్లల బుద్ధిని కొలిచే పరీక్ష అట. సెలవుల్లో పదిమంది పిల్లలకు ఆ పరీక్ష పెట్టి, ఫలితాలు పుస్తకంలో రాసి తీసుకుపోవాలట.

ఆ సాయంత్రం వసారాలో నాయనకూ మామకూ అదే మాట. బుద్ధి పుట్టుకతో వస్తుందా, పెంపకంతో వస్తుందా అని. నాయన తనకు తెలిసిన లోకంలో నుంచే మాట్లాడాడు. "గనిలో మెత్తగా పుట్టిన రాయి మెత్తగానే ఉంటాది బామ్మర్దీ. మేము ఎంత రుద్దినా నునుపు వస్తాది గాని గట్టిదనం యాడ వస్తాది?" అన్నాడు. మామ తల అడ్డంగా ఊపాడు. పిల్ల రాయి కాదని, తిండీ నిద్రా ఇంట్లో మాటలూ పక్కన కూర్చొని చెప్పేవాళ్లూ అన్నీ కలిస్తేనే బుద్ధి విచ్చుకుంటుందని, ఎంత పుట్టుకదో ఎంత పెంపకానిదో పెద్ద పెద్ద వాళ్లే తేల్చుకోలేక కొట్లాడుకుంటున్నారని చెప్పాడు. నాయన అంతా విని, చివరికి ఒక మాటకు వచ్చాడు.

"సరే, మన పిల్లకు పెట్టు ఆ పరీక్ష. బుద్ధి ఉండాది అంటే అమ్మ దగ్గరే చదువుకుంటాది. లేదంటే అక్క ఎంబడి గిద్దలూరు పోతాది. నా వల్ల గాదు, నువ్వే తేల్చు."

మరునాడు మధ్యాహ్నం కార్ఖానా వాళ్లు సద్ది తినడానికి పోయిన వేళ, తయారైన పలకలు కట్టలు కట్టి పెట్టే గదిలో మామ నన్ను కూర్చోబెట్టాడు. పరీక్ష జరిగేచోట మూడో మనిషి ఉండకూడదట. అవ్వను కూడా రానివ్వలేదు. గదిలో రాతిపొడి వాసన, చల్లదనం. మామ నా ముందు గడియారం పెట్టి, ప్రశ్న అడిగి బొత్తాం నొక్కేవాడు. ముల్లు పరుగెత్తేది. ఆ గడియారం ఎందుకో ఆయన చెప్పలేదు. చెప్పాల్సిన పనిలేదనుకున్నాడు కాబోలు. నాకు మాత్రం వెంటనే అర్థమైపోయింది. తొందరపడి నోరు పారేసుకునే పిల్లలను పట్టుకోవడానికి పెట్టిన గడియారం అది! అవ్వ నేర్పిన చదువును పరీక్షించడానికే మామ కర్నూలు నుంచి వచ్చాడన్నమాట. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

ఆవుకు కాళ్లెన్ని అని మొదటి ప్రశ్న. నేను చేయి పరికిణీ మడతలో దాచుకొని, పన్నెండు నామాలూ నిదానంగా పూర్తిచేసి, నాలుగు అన్నాను. మామ బొత్తాం నొక్కి, ముల్లు చూసి ఏదో రాసుకున్నాడు. తరువాత ఒక బొమ్మ, బావి దగ్గర నీళ్లు తోడే ఆమె, చేతులు రెండూ లాగుతున్నట్టే ఉన్నాయి గాని మధ్యలో తాడు లేదు. అందులో ఏం తక్కువైందో చెప్పాలి. చూడగానే కనబడింది. అయినా నామాలు పూర్తయ్యేదాకా నోరు తెరవలేదు. ఇనుమూ వెండీ ఏ సంగతిలో ఒకటి అన్నదానికీ అంతే. కొయ్యముక్కలను గుంటల్లో అమర్చమన్నప్పుడు కూడా అంతసేపు ఒడిలో చేతులు పెట్టుకొని కూర్చొని, తరువాతే ముట్టుకున్నాను.

ఒక్కచోట మాత్రం తప్పటడుగు వేశాను. మామ అయిదు అంకెలు వరసగా చెప్పి, వాటిని వెనక నుంచి ముందుకు చెప్పమన్నాడు. నామాలు మొదలుపెడితే ఆ అంకెలు చెదిరిపోతాయని భయమేసింది. గబగబా చెప్పేశాను. మామ కనుబొమలు పైకి లేచాయి.  తొందర బయటపడింది, గడియారానికి దొరికిపోయాను అనుకున్నాను. ఆ తప్పుకు ప్రాయశ్చిత్తంగా తరువాతి ప్రశ్నకు నామాలు రెండుసార్లు అనుకున్నాను.

ఆ ఒక్కటి తప్ప అంతా బాగా చేశానన్న నమ్మకంతో బయటికి వచ్చాను. అవ్వ నా ముఖం చూసి తనూ నవ్వింది.

సాయంత్రం మామ వసారాలోకి వచ్చి కూర్చున్నాడు. ముఖం వాడిపోయి ఉంది. పుస్తకం తెరవకుండానే, ఈ పరీక్ష ప్రకారం తొమ్మిదేళ్ల పిల్లకు ఆరేళ్ల పిల్ల బుద్ధి ఉన్నట్టు తేలుతోందని చెప్పాడు. అమ్మ లేచి లోపలికి పోయింది. "నేను చెప్పలే?" అనబోయిన అత్త కూడా నాయన ముఖం చూసి ఊరుకుంది. అవ్వ ఒక్కతే వదల్లేదు.

"నా దగ్గర అన్నీ చెప్తాది గదరా. ఒక్క తప్పు పోదు."

"నీకు మనవరాలి మీద ముద్దమ్మా. నువ్వు అడిగేది నువ్వే చెప్పిచ్చుకుంటావు" అన్నాడు నాయన, గొంతు తగ్గించి. "ఎల్లుండి అక్కతో పోతాదిలే."

అవ్వ లేచింది. చాప మీద ఉన్న నా పలకను తడిగుడ్డతో తుడిచి, గూట్లో పెట్టింది. రాసిన అక్షరం ఒక్కటైనా మిగలకుండా ఆమె అంత శుభ్రంగా ఎందుకు తుడుస్తోందో అప్పుడు నాకు తెలియలేదు. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. గిద్దలూరు పోవాలని కాదు, అత్త పిల్లలంటే నాకు ఇష్టమే. పొద్దున లేస్తే అవ్వ ఎదుట చాప ఉండదని ఏడుపు. అంతకంటే ఎక్కువగా, ఆ అయిదు అంకెల దగ్గర నేను తొందరపడినందుకే ఇదంతా జరిగిందని ఏడుపు. స్వామీ, ఒక్కసారికి మన్నించు అని పటం ముందు ఎన్నిసార్లు దండం పెట్టానో. ఎందుకు ఏడుస్తున్నానో అమ్మ అడిగింది. చెప్పలేదు. చెబితే నామాల సంగతి చెప్పాలి.

మరునాడు పొద్దున మామ తానే నన్ను వెతుక్కుంటూ పెరట్లోకి వచ్చాడు. చేతిలో ఆ పుస్తకం, జేబులో గడియారం. నేను తులసికోట పక్కన కూర్చొని ఉన్నాను. ఆయన నా పక్కనే నేలమీద చతికిలబడి, ఏదో గుర్తొచ్చినట్టు, "ఏం కోడలా, ముంజలు తింటావా?" అన్నాడు.

"ఆఁ!" అన్నాను. మాట ఆయన నోట్లో ఇంకా పూర్తికాలేదు.

మామ జేబులో నుంచి గడియారం తీసి ఒకసారి చూసుకున్నాడు. తరువాత గొంతు మార్చి, నిన్న గదిలో అడిగినట్టే అయ్యవారి గొంతుతో, "ఇప్పుడు చెప్పు. నీ పేరేంది?" అని బొత్తాం నొక్కాడు.

ఆ గొంతు వినగానే నా బొటనవేలు చిటికెన వేలు కిందికి పోయింది. కేశవ నామం దగ్గర మొదలుపెట్టి, ఏ తొందరా లేకుండా, పన్నెండూ పూర్తిచేసి నా పేరు చెప్పాను. మామ చూపు గడియారం మీద లేదు. నా చేతి మీద ఉంది.

తన పేరు తనకు గుర్తు రావడానికి పదిహేను సెకండ్లు పట్టే పిల్ల లోకంలో ఉండదు. మామ పుస్తకం తెరిచి నాకు చూపించాడు. ఆవు కాళ్లకు పదిహేను. తాడు బొమ్మకు పదిహేను. ఇనుము వెండికి పదహారు. "చూడు కోడలా, ఎవరికైనా సులువైనదానికి తక్కువసేపు, కష్టమైనదానికి ఎక్కువసేపు పట్టాల గదా. నీకు అన్నిటికీ ఒకటే కొలత. అంకెలు వెనక్కి చెప్పేది చూడు, పెద్దపిల్లలు తికమకపడేది, అది రెండు సెకండ్లు. దాని తరువాతది ముప్పై. రాత్రి నుంచి దీన్నే చూస్తా ఉండాను. ఇది బుద్ధి తక్కువతనం గాదు. నువ్వు మధ్యలో ఏదో పని చేసుకుంటా ఉండావు. ఏం పని?"

నేను తల వంచుకున్నాను.

"చెప్పగూడనిదా?"

తల ఊపాను.

మామ తులసికోట వైపు చూశాడు, నా బొటనవేలి వైపు చూశాడు. "నీకూ ఆయనకూ మధ్యదా?" అన్నాడు మెల్లగా. మళ్లీ తల ఊపాను. "అయితే నాకు చెప్పొద్దు" అన్నాడు. గడియారం చూపించి, "మరి ఈ గడియారం ఎందుకనుకున్నావే?" అని అడిగాడు. ఇది చదువు ప్రశ్నో ముంజల ప్రశ్నో తేల్చుకోలేక, చివరికి, "తొందరపడే వాళ్లను పట్టుకునేదానికి" అన్నాను. ఆలస్యమైన జవాబును, అది ఒప్పయినా సరే, ఆ గడియారం తప్పుల్లో కలిపేస్తుందని నాకేం తెలుసు? మామ పగలబడి నవ్వాడు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. ఆ తుడుచుకోవడం నవ్వువల్ల మాత్రమే కాదని ఇప్పుడు అనిపిస్తుంది.

ఆ రోజు మామ చేసింది నాకు వయసు పెరిగేకొద్దీ పెద్దదిగా కనిపిస్తూ వచ్చింది. ఆయన నాయనను ఒక పక్కకు పిలిచి గుసగుసగా ఏదో సర్దిచెప్పి ఉండవచ్చు. బావగారి ఇల్లు, అత్త నోరు ఆయనకు తెలియనివి కావు. కాని అందరినీ వసారాలోకి పిలిచాడు. గడియారం నాయన చేతికిచ్చి, జేబులో పెట్టుకోమన్నాడు.

"బావా, నువ్వే ఏదన్నా అడుగు. అడిగినాక మాత్రం నోరు కట్టుకొని కూర్చోవాల. ఎంతసేపైనా సరే."

నాయన నన్ను చూడకుండా, గోడ అవతలి కార్ఖానా వైపు చూస్తూ అడిగాడు. "కట్టకు ఇరవై నాలుగు పలకలు. అట్లాంటి కట్టలు ఏడు. దించేటప్పుడు ఒక్కో కట్టలో మూడు పగిలినాయి. మంచివి ఎన్ని మిగిలినట్టు?"

 గోడ అవతల మేకుల చప్పుడొక్కటే. అత్త రెండుసార్లు నోరు తెరవబోయింది. మామ చేయెత్తి ఆపాడు. నాయన పెదవులు కదులుతున్నాయి, ఆయనా లోపల లెక్క కడుతున్నాడు. నేను దామోదర నామం దాటి, లెక్క సరిచూసుకొని, "నూట నలభై ఏడు" అన్నాను. నాయన తన లెక్క ముగించడానికి ఇంకొంచెం సేపు పట్టింది. ముగించి నా వైపు తిరిగాడు. ఆయన నన్ను అట్లా చూడడం అదే మొదటిసారి.

"మరి నిన్న ఆరేళ్ల బుద్ధి అంటివే?"

"నిన్న నేను తప్పు కొలిచినాను బావా" అన్నాడు మామ. నిలబడే అన్నాడు. "పిల్ల తక్కువ గాదు, నా కొలత తక్కువ. అడగాల్సింది అడగలేదు, చూడాల్సింది చూడలేదు. గడియారం వైపు చూసినానే గాని పిల్ల వైపు చూడలేదు."

"అయితే సరైన లెక్క ఎంత?"

"నా దగ్గర లేదు. ఇదే పరీక్ష వెంటనే రెండోసారి పెట్టగూడదు. పెట్టినా అది చెప్పేది కొంతే. చదువు మాత్రం మాన్పించొద్దు. ఆ మాట గట్టిగా చెప్తా."

అత్త ఊరుకుంటుందా? "ఓ యబ్బ, కర్నూలు చదువూ, కర్నూలు గడియారమూ! దీనికన్నా నా నూలుదారమే నయం. అది వేలెడు ఎక్కువే చూపిచ్చింది" అంది. అందరికంటే ముందు మామే నవ్వాడు. ఆ తరువాత అమ్మ, ఆ తరువాత నాయన. అత్త కూడా నవ్వి, నన్ను దగ్గరికి లాక్కొని, "పోనీలే, దసరాకు నాలుగు దినాలు వచ్చి పో" అని నెత్తిన మొట్టికాయ వేసింది. ఆమె మీద నాకు ఎప్పుడూ కోపం రాలేదు. తరువాత ఎన్నో ఏళ్లు ఆమె పిల్లలకు సెలవుల్లో ఎక్కాలు చెప్పింది నేనే.

అవ్వ వంటింటి గుమ్మం దగ్గర నిలబడి ఇదంతా చూసింది. నా చేతిని కూడా ఆమె చూసిందని నాకు తెలుసు. మరునాడు పొద్దున మళ్లీ చాప పడింది. పలక గూట్లో నుంచి దిగింది. కూర్చోగానే అవ్వ తన ఉపాయాన్ని కొంచెం సవరించింది. "ఇకమీద ఒక్క నామం ముందు అనుకో తల్లీ. తక్కిన పదకొండూ జవాబు చెప్పినాక అనుకో. స్వామి ఎంతసేపైనా ఉంటాడు. ఎదురుగా నిలబడినోళ్లకు పనులుంటాయి" అంది. తన తప్పును ఆమె సవరించుకున్న తీరు అది. మామలాగా నలుగురిలో కాదు, మా ఇద్దరి మధ్యనే. రెండూ నాకు మేలే చేశాయి.

మామ తన పుస్తకంలో నా పేజీ చింపెయ్యలేదని చాలాకాలం తరువాత ఆయనే చెప్పాడు. వేసిన అంకెలన్నీ అట్లాగే ఉంచి, కింద, 'ఈ పిల్ల విషయంలో కొలిచినవాడు పొరబడ్డాడు, ఈ ఫలితం లెక్కలోకి తీసుకోవద్దు' అని రాసి ఇచ్చాడట. పదిమందికి తొమ్మిదిమందే అయ్యారని అక్కడి పెద్దయ్యవారు చీవాట్లు పెట్టాడట. మామ అది కూడా నవ్వుతూనే చెప్పాడు. తరువాత ఆయన బేస్తవారిపేట వైపు పల్లెల్లో ఎన్నో ఏళ్లు అయ్యవారుగా పనిచేశాడు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు ఎక్కడైనా కనిపిస్తే, ప్రశ్న అడిగి జవాబు కోసం ఆయన ఎంతసేపైనా కిటికీలో నుంచి బయటికి చూస్తూ నిలబడేవాడని చెబుతారు.

నేను బడి చదువు చదవలేదు, ఏ పట్టా లేదు. అయినా చాప మీద దొరికిన ఆ చదువుతోనే ఇల్లు దిద్దుకున్నాను, నా పిల్లలకు అక్షరాలు దిద్దించాను. సాయంత్రాలు వీధిలో పిల్లలు వస్తే వాళ్లకూ చెప్పాను. పిల్లల బుద్ధి ఎంతో ఒక అంకెలో చెప్పే పరీక్షలు ఇప్పుడు ఇంకా పెద్దవయ్యాయట, మంచివీ అయ్యాయట. వాటిని తప్పు పట్టేంత చదువు నాకు లేదు. నాకు తెలిసింది ఒక్కటే, కొలిచే చేయి కూడా మనిషి చేయే.

ఆ సంగతి నాకే ఒకసారి అవసరపడింది. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఒక పాప ఉండేది. గోడ మీద నేను రాసింది ఎప్పుడూ పలకలోకి సరిగా ఎక్కించుకునేది కాదు. పక్కపిల్ల పలకలోకి తొంగిచూసేది. శ్రద్ధ లేదని, దొంగచూపు అలవాటైందని వాళ్లమ్మతో గట్టిగానే చెప్పాను. ఆ తల్లి ముఖం చిన్నబుచ్చుకొని పోయింది. నెల తిరిగాక తెలిసింది, ఆ పాపకు దూరపు అక్షరాలు కనపడవు. తప్పు ఒప్పుకోవడానికి మొదట మనసొప్పలేదు. వయసులో పెద్దదాన్ని, నలుగురూ అవ్వా అని పిలిచేదాన్ని. చెప్పకపోతే ఎవరూ అడగరు కూడా. కాని ఆ వసారాలో మామ నిలబడి ఉండడం కళ్ల ముందు కదిలింది. వాళ్లింటికి పోయాను. ఆ తల్లీ, పాపా, వాళ్ల నాయనా ముగ్గురూ ఉండగానే, తప్పు కొలిచాను, మన్నించండి అన్నాను. ఆ పాప మరునాడు, కళ్లద్దాలు ఇంకా చేతికి రాకముందే, మళ్లీ వచ్చింది. వచ్చి, అందరికంటే ముందు వరసలో, నా మోకాళ్లకు ఆనుకొని కూర్చుంది.

మామ వెళ్లిపోయి చాలా ఏళ్లయింది. పొద్దున దీపం పెట్టినప్పుడు మా అవ్వనూ ఆయననూ కలిపే తలుచుకుంటాను. ఆ రోజు ఆయన తన మాటే నెగ్గించుకొని ఉంటే ఎవరూ కాదనేవాళ్లు కాదు. ఒక అక్షరమైనా నాకు మిగిలేది కాదు, మిగల్లేదన్న సంగతి కూడా నాకు తెలిసేది కాదు. ఆయన ఓడిపోవడానికి ఒప్పుకున్నాడు గనుకనే ఈ నాలుగు మాటలు నా చేత్తో నేను రాసుకోగలుగుతున్నాను.